మూత తీసే హక్కు: డెస్క్‌టాప్ విడిభాగాల చరిత్ర, మన బడ్జెట్ లెక్క



ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి, కంప్యూటర్ కొనబోయే తమ్ముళ్లకు చెల్లెళ్లకు పంపండి.

మనలో చాలామందికి కంప్యూటర్ కొనడం అనేది చదువు మొత్తంలో ఒకేసారి జరిగే పని. స్కాలర్‌షిప్ డబ్బులో, పత్తి అమ్మిన డబ్బులో, అన్న జీతంలో దాచిందో కలిపి కొంటాం. ఆ ఒక్క పెట్టె మీదే ఫొటోషాప్ నేర్చుకోవాలి, బ్లెండర్ నేర్చుకోవాలి, వీడియో ఎడిటింగ్ చేయాలి, ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు డిజైన్ చేసి నాలుగు రూపాయలు సంపాదించాలి. రాత్రిపూట ఓ గేమ్ కూడా ఆడుకోవాలి, అందులో తప్పేం లేదు. కాబట్టి రూ.60 వేల నుంచి 80 వేల మధ్య పెట్టేవాళ్లు ఏ భాగానికి ఎంత పెట్టాలన్నది చిన్న ప్రశ్న కాదు.

దీనికి షాపువాళ్లు ఒక జవాబు చెప్తారు, యూట్యూబ్‌లో ఇంకో జవాబు ఉంటుంది. నా దృష్టిలో అన్నిటికంటే నమ్మకమైన జవాబు ఈ పెట్టె చరిత్రలో ఉంది. ఏ భాగం ఇరవై ఏళ్లయినా నిలుస్తుంది, ఏది మూడేళ్లకే మారిపోతుంది అన్నది చరిత్ర చూస్తేనే తెలుస్తుంది.

పెట్టె ఎలా తెరుచుకుంది

1981 ఆగస్టు 12న ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటర్‌ను, అంటే 5150 మోడల్‌ను ప్రకటించింది. ప్రారంభ ధర 1,565 డాలర్లు. మెమరీ 16 కేబీ. ప్రాసెసర్ ఇంటెల్ 8088, వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఇవాళ మన చేతిలోని చవక ఫోన్ ముందు కూడా అది లెక్కలోకి రాదు. కానీ ముఖ్యమైన విషయం దాని వేగం కాదు, దాన్ని తయారుచేసిన పద్ధతి.

అంతకుముందు ఐబీఎం అన్నీ తానే తయారు చేసుకునేది. ఈసారి ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలోని చిన్న బృందానికి ఉన్న సమయం ఏడాది మాత్రమే. అంత తొందరలో సొంతంగా చేయడం కుదరదు కాబట్టి బజారులో దొరికే భాగాలే తెచ్చుకున్నారు. ప్రాసెసర్ ఇంటెల్ నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకున్నారు. లోపల ఐదు స్లాట్లు పెట్టి, ఎవరైనా వాటికి కార్డులు చేసుకోవచ్చన్నట్టు సర్క్యూట్ బొమ్మలతో సహా టెక్నికల్ పుస్తకం అచ్చేసి అమ్మారు.

ఐబీఎం చేతిలో మిగిలింది ఒకే ఒక్క తాళం. అది బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్. దాని మీద కాపీరైట్ ఉంది, కాపీ కొడితే కేసు అవుతుంది. 1982లో హ్యూస్టన్‌లో పుట్టిన కాంపాక్ కంపెనీ దీనికి దారి వెతికింది. ఒక బృందం ఐబీఎం బయోస్ ఏం చేస్తుందో చదివి రాసిచ్చింది. దాన్ని ఎన్నడూ చూడని ఇంకో బృందం, ఆ రాత మీదే ఆధారపడి కొత్తగా రాసింది. కాపీ కాదు గనుక కేసు నిలవదు. 1984లో ఫీనిక్స్ అనే కంపెనీ ఇలాంటి బయోస్‌నే తయారుచేసి ఎవరికి కావాలంటే వాళ్లకు అమ్మడం మొదలుపెట్టింది. దాంతో తాళం ఊడిపోయింది. ఎవరైనా పీసీ చేయొచ్చు.

1987లో ఐబీఎం మళ్లీ తలుపు మూయాలని చూసింది. పీఎస్/2 పేరుతో కొత్త మోడళ్లు తెచ్చి, అందులోని మైక్రో చానెల్ స్లాట్ వాడుకోవాలంటే లైసెన్సు డబ్బు కట్టాలంది. 1988లో కాంపాక్‌తో కలిసి తొమ్మిది కంపెనీలు తమ సొంత ప్రమాణం ప్రకటించాయి. జనం తెరిచిన పెట్టెనే ఎంచుకున్నారు. చివరికి 2005లో ఐబీఎం తన పీసీ వ్యాపారాన్ని లెనోవోకు అమ్మేసి తప్పుకుంది.

ఇప్పుడు మనం షాపుకెళ్లి "ఈ బోర్డు, ఆ కార్డు, ఫలానా ర్యామ్" అని విడివిడిగా అడగగలుగుతున్నామంటే ఆ గొడవ అలా ముగియడం వల్లే.

మన దగ్గరికి ఎలా వచ్చింది

మన దేశంలో 1984 నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటర్ విధానం దిగుమతులను సులువు చేసింది. 1997లో ఐటీ వస్తువుల ఒప్పందంలో చేరాక కంప్యూటర్ల మీద కస్టమ్స్ సుంకం దశలవారీగా తగ్గుతూ 2005 నాటికి సున్నాకి వచ్చింది. ఢిల్లీ నెహ్రూ ప్లేస్, బెంగళూరు ఎస్పీ రోడ్డు, మన సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి బజార్లు అసెంబుల్డ్ కంప్యూటర్లకు అడ్డాలయ్యాయి.

ఇక్కడ మనకు దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. ఐబీఎం పీసీకి భారతీయ లిపులు రావు. 1980లలో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై తర్వాత పుణెలోని సీడాక్‌లో పూర్తయిన జిస్ట్ అనే కార్డును పీసీ స్లాట్‌లో గుచ్చితే తెరమీద తెలుగు, హిందీ లాంటి లిపులు కనిపించేవి. అంటే ఆ ఖాళీ స్లాట్ అలా తెరిచి ఉంచబట్టే మన అక్షరం అందులోకి దూరగలిగింది. ఇప్పుడు కార్డు అవసరం లేదు, యూనికోడ్ ఉంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. దానికి ఉచిత ఫాంట్ కూడా దొరుకుతోంది. ఆ లిపిలో పోస్టర్లు, పిల్లల పుస్తకాలు చేయడానికి కావాల్సింది ఓ మంచి డెస్క్‌టాప్, కూర్చుని పనిచేసే మనిషి.

గేమ్, డిజైన్ ఒకే పెట్టెలో ఎందుకు

"గేమింగ్ పీసీ అంటే డబ్బు దండగ" అని ఇంట్లో అంటారు. చరిత్ర వేరే మాట చెప్తుంది. 1990ల మొదట్లో త్రీడీ డిజైన్ చేయాలంటే సిలికాన్ గ్రాఫిక్స్ లాంటి కంపెనీల వర్క్‌స్టేషన్లు కావాలి. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమాలో కంప్యూటర్ గ్రాఫిక్స్ డైనోసార్లను అలాంటి యంత్రాల మీదే చేశారు. వాటి ధర మామూలు మనిషికి అందేది కాదు.

ఆ లెక్కను మార్చింది గేమ్స్ ఆడే పిల్లలు. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ వూడూ కార్డు, 1999లో ఎన్‌విడియా జీఫోర్స్ 256 వచ్చాయి. లక్షలమంది గేమ్ కోసం కార్డు కొనేసరికి, వర్క్‌స్టేషన్ చేసే పని మెల్లగా మామూలు కార్డులోకి దిగింది. 2007లో ఎన్‌విడియా కూడా అనే సాధనాన్ని విడుదల చేయడంతో ఆ కార్డుమీద గేమే కాదు, ఏ లెక్కలైనా చేయొచ్చన్నది స్థిరపడింది. సిలికాన్ గ్రాఫిక్స్ 2006లో దివాలా పిటిషన్ వేసింది. అందుకే ఇవాళ ఒకే కార్డు సాయంత్రం గేమ్ ఆడిస్తుంది, పగలు బ్లెండర్ రెండర్ చేస్తుంది. మన బడ్జెట్‌లో పెద్ద వాటా, అంటే సుమారు మూడో వంతు, దానికే పోవడం సబబే.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. గేమ్‌కి కార్డు వేగం ముఖ్యం. డిజైన్‌కి కార్డులోని మెమరీ కూడా అంతే ముఖ్యం. త్రీడీ సీను ఆ మెమరీలో పట్టకపోతే రెండర్ నత్తనడక నడుస్తుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ రకం ఉంటే, 2023లో వచ్చిన 4060లో 8 జీబీయే ఉంది. నంబరు పెద్దదని అన్నిట్లోనూ పెద్దదనుకోకండి.

ఏది నిలుస్తుంది, ఏది మారుతుంది

అసలు లెక్క ఇక్కడుంది.

నిలిచేవి: 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత తెచ్చింది. బోర్డు స్క్రూలు ఎక్కడ ఉండాలి, ఎస్‌ఎంపీఎస్ ఎంత సైజు ఉండాలి అన్నది అందులో ఉంది. ముప్పై ఏళ్లయినా ఆ కొలతలే ప్రధానంగా నడుస్తున్నాయి. 2003 నాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ కూడా అంతే, కొత్త కార్డు పాత స్లాట్‌లో కొంచెం తక్కువ వేగంతోనైనా పనిచేస్తుంది. కాబట్టి మంచి క్యాబినెట్, మంచి ఎస్‌ఎంపీఎస్, మంచి మానిటర్ మీద పెట్టిన డబ్బు వచ్చే కంప్యూటర్‌కి కూడా పనికొస్తుంది.

మారేవి: ప్రాసెసర్ సాకెట్, ర్యామ్ రకం. డీడీఆర్4 ర్యామ్ డీడీఆర్5 బోర్డులో దూరదు, గాడి వేరేచోట ఉంటుంది. ఇంటెల్ సాకెట్లు తరచుగా మారుతూ వచ్చాయి. 2015 నాటి 1151 సాకెట్ బోర్డుల్లో, 2017 చివర్లో అదే 1151 పేరుతో వచ్చిన ఎనిమిదో తరం ప్రాసెసర్లు పనిచేయలేదు. ఏఎండీ దారి వేరు. 2017లో రైజెన్‌తో జనంలోకి వచ్చిన ఏఎం4 సాకెట్ చాలాకాలం నడిచింది. మొదటి ఏడాది బోర్డుల్లో చాలావాటిలో, బయోస్ అప్‌డేట్ చేసుకుంటే 2022 నాటి ప్రాసెసర్ కూడా నడిచింది. 2022లో వచ్చిన ఏఎం5ను 2027 దాకా, ఆపైన కూడా కొనసాగిస్తామని ఆ కంపెనీ ప్రకటించింది.

అసలు మనకు ఇంటెల్, ఏఎండీ అని రెండు దారులు ఉండడం కూడా ఐబీఎం పుణ్యమే. ఒక్క కంపెనీ మీద ఆధారపడితే కష్టమని, ఇంటెల్ డిజైన్‌ను ఇంకొకరు కూడా తయారుచేయాలని పట్టుబట్టింది. అలా 1982 ఒప్పందంతో ఏఎండీ రంగంలోకి దిగింది.

మరి మనం ఎలా కొనాలి

ఈ చరిత్రను రూపాయల్లోకి మారిస్తే ఇలా తేలుతుంది.

1. డబ్బు ఒకేసారి సరిపోకపోతే విడతలుగా కొనండి. లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ తీసుకుంటే, గ్రాఫిక్స్ కార్డు ఆర్నెల్ల తర్వాత కొనొచ్చు. స్లాట్ ఎదురుచూస్తుంది. ఫొటోషాప్ నేర్చుకోవడానికి, ఫ్లెక్సీ డిజైన్‌కి అప్పటిదాకా అదే చాలు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నవాటిలో ఆ గ్రాఫిక్స్ ఉండదు, చూసుకోండి.

2. ర్యామ్ కనీసం 16 జీబీ, ఒకే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు వేయించండి. రెండు దారుల్లో డేటా నడిస్తే వేగం పెరుగుతుంది. కార్డు లేకుండా నడిపేవాళ్లకు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. బోర్డులో నాలుగు స్లాట్లుంటే తర్వాత 32 జీబీకి పోవచ్చు.

3. విండోస్, సాఫ్ట్‌వేర్లకు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ తీసుకోండి. పాత ఫైళ్లు దాచుకోవడానికి హార్డ్ డిస్క్ తర్వాత వేసుకోవచ్చు.

4. ఎస్‌ఎంపీఎస్ దగ్గర కక్కుర్తి వద్దు. మధ్యరకం కార్డుకి పేరున్న కంపెనీ 550 నుంచి 650 వాట్లది సరిపోతుంది. 2004లో మొదలైన 80 ప్లస్ గుర్తు కరెంటు వృథా ఎంత తక్కువో మాత్రమే చెప్తుంది. లోపలి నాణ్యతకు అది హామీ కాదు, వారంటీ ఎన్నేళ్లో కూడా చూడండి. బరువు లేని, పేరు తెలియని ఎస్‌ఎంపీఎస్ పోతే తనతోపాటు బోర్డునీ తీసుకుపోవచ్చు. మన ఏజెన్సీ ఊళ్లలో వోల్టేజి సంగతి, ఉరుముల వానల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. యూపీఎస్, సరైన ఎర్తింగ్ కూడా బడ్జెట్‌లో భాగమే.

5. రంగురంగుల లైట్ల క్యాబినెట్ చూసి పడిపోకండి. గాలి ఆడే జాలీ ముందుభాగం, రెండు ఫ్యాన్లు ఉంటే చాలు. ఆ మిగిలిన డబ్బుతో ఐపీఎస్ మానిటర్ తీసుకోండి. తెరమీద రంగు తప్పు కనిపిస్తే ప్రింటులోనూ తప్పుతుంది, పార్టీ డబ్బులు ఇవ్వడు.

6. సెకండ్ హ్యాండ్ ఆఫీస్ కంప్యూటర్ కొని కార్డు వేద్దామనుకునేవాళ్లు ముందు మూత తీయించి చూడండి. కొన్ని పెద్ద బ్రాండ్ల పెట్టెల్లో బోర్డు ఆకారం, ఎస్‌ఎంపీఎస్ వైర్లు వాళ్ల సొంతవి. బయటవి పట్టవు. ఐబీఎం 1987లో చేయాలనుకున్న పనిని ఇవి చిన్నస్థాయిలో ఇంకా చేస్తూనే ఉన్నాయి.

7. ప్రతి భాగానికీ బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. "మొత్తం పీసీ ఒకటి" అని రాసిచ్చే బిల్లుతో వారంటీ అడగడం కష్టం. బిగించేటప్పుడు పక్కన నిలబడి చూడండి. విసుక్కున్నా సరే, అడగండి.

ధరలు నెలనెలా మారతాయి కాబట్టి మోడళ్ల జాబితా ఇవ్వట్లేదు. ఇవాళ రాసిన జాబితా దీపావళికి పాతబడుతుంది. ఏది నిలుస్తుంది, ఏది మారుతుంది అన్న లెక్క మాత్రం అంత తొందరగా పాతబడదు.

ల్యాప్‌టాప్‌లలో ఇప్పుడు ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తున్నారు, ఫోన్ బ్యాటరీ జిగురు పెట్టి మూసేస్తున్నారు. మామూలు మనిషి స్క్రూడ్రైవర్‌తో తెరిచి, పాడైన భాగం ఒక్కటే మార్చుకుని, మిగతాది వాడుకోగలిగేది ఈ డెస్క్‌టాప్ ఒక్కటే అన్నట్టు తయారైంది పరిస్థితి. డబ్బు తక్కువున్న మనలాంటి వాళ్లకు ఆ హక్కు చాలా విలువైనది. కొనేటప్పుడు దాన్ని వదులుకోకుండా కొనండి.

మీ బడ్జెట్ ఎంత, ఏ పని కోసం, కరెంటు పరిస్థితి ఏంటి అన్నది కింద కామెంట్లో రాయండి. హార్డ్‌వేర్ తెలిసిన అన్నలు, అక్కలు కూడా సలహా ఇవ్వండి. అందరం కలిసి లెక్క వేద్దాం.