గోల్డ్‌స్టోన్ గ్రౌండ్ అమ్ముడుపోయిన ఏడాది

56 పౌండ్ల 25 పెన్నీలు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్ అండ్ హోవ్ ఆల్బియన్ ఫుట్‌బాల్ క్లబ్బు మీద పెత్తనం కోసం 1993లో బిల్ ఆర్చర్ అనే వ్యాపారవేత్త షేర్ల రూపంలో పెట్టిన సొమ్ము అది. నూరు పౌండ్ల మూలధనంతో ఒక కంపెనీ ఉంది. క్లబ్బు ఆ కంపెనీ చేతికి వచ్చింది. అందులో ఆర్చర్ వాటా 56.25 శాతం. లెక్క అంతే. అప్పటికే పన్ను బకాయిలతో క్లబ్బు మూతపడే ప్రమాదంలో ఉంది కాబట్టి, ఎవరో ఒకరు వచ్చి ఆదుకున్నారులే అని ఊరు ఊపిరి పీల్చుకుంది. అసలు గొడవ మొదలవడానికి ఇంకా రెండేళ్లు పట్టింది.

ఆ క్లబ్బు అంత దూరం ఎలా దిగజారిందో చెప్పుకోవాలంటే 1983కు వెళ్లాలి. ఆ ఏడు బ్రైటన్ ఎఫ్ఏ కప్ ఫైనల్ చేరింది. వెంబ్లీలో మాంచెస్టర్ యునైటెడ్‌తో 2-2గా ముగించి, మళ్లీ ఆడిన మ్యాచ్‌లో 0-4తో చిత్తయింది. అదే సీజన్‌లో మొదటి డివిజన్ నుంచీ కిందికి జారింది. ఆ తర్వాత పదేళ్లూ చాలా క్లబ్బులు చేసే పనే ఇదీ చేసింది. మళ్లీ పైకి వెళ్తామన్న ఆశతో ఖర్చు పెట్టింది, వెళ్లలేకపోయింది, అప్పు మిగిలింది.

అప్పుల క్లబ్బు ఎవరికైనా ఎందుకు కావాలి? అభిమానులు ఆలస్యంగా వేసుకున్న ప్రశ్న ఇది. జవాబు కాళ్ల కిందే ఉంది. 1902 నుంచి జట్టు ఆడుతున్న గోల్డ్‌స్టోన్ గ్రౌండ్ హోవ్‌లో పెద్ద రోడ్డు పక్కన, దుకాణాల కంపెనీలు కళ్లకద్దుకునే చోట ఉంది. ఆటగాడు కాంట్రాక్టు అయ్యాక వెళ్లిపోతాడు, టీవీ డబ్బు లీగు మారితే ఆగిపోతుంది. నేల మాత్రం ఎక్కడికీ పోదు. జట్టు ఓడినా దాని ధర పెరుగుతూనే ఉంటుంది.

ఈ ప్రమాదాన్ని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పెద్దలు వందేళ్ల కిందటే ఊహించారు. ఫుట్‌బాల్ అసోసియేషన్ నిబంధనల్లో 34వ నంబరుది ఒకటి ఉండేది. క్లబ్బు లిమిటెడ్ కంపెనీ అయినా వాటాదారులకు పంచే లాభం మీద పరిమితి ఉండాలి, డైరెక్టర్లు జీతాలు తీసుకోకూడదు, క్లబ్బును మూసేస్తే అప్పులు తీరగా మిగిలింది మరో క్రీడా సంస్థకో ధర్మకార్యానికో వెళ్లాలి అన్నది దాని సారాంశం. అంటే మైదానం అమ్మి సొమ్ము జేబులో వేసుకునే దారి మూసేశారన్నమాట. క్లబ్బు పైన ఇంకో కంపెనీని పెట్టుకుంటే ఈ నిబంధన తమకు వర్తించదని 1980ల్లో టాటెన్‌హామ్ వాళ్లు కనిపెట్టారు. ఆ తర్వాత ఆ కంచెకు కన్నాలు పడుతూనే వచ్చాయి.

1995 జూలైలో బ్రైటన్ పత్రిక 'ఆర్గస్' గోల్డ్‌స్టోన్ అమ్మకం వార్త ప్రచురించింది. కొన్నది చార్ట్‌వెల్ అనే స్థిరాస్తి సంస్థ. ధర 70 లక్షల పౌండ్ల పైచిలుకు. అమ్మడం వేరు, ఆ తర్వాత జట్టు ఎక్కడ ఆడుతుందన్నది వేరు. ఆ రెండో దానికి జవాబు లేదు. కొత్త స్టేడియానికి స్థలమూ లేదు, అనుమతీ లేదు. కొన్నాళ్లు పోర్ట్స్‌మత్‌లో అద్దెకు ఆడతామన్న మాట వినిపించింది. అప్పుడు అభిమానులు నినాదాలతో ఆగకుండా కంపెనీ కాగితాలు తెప్పించుకుని చదవడం మొదలుపెట్టారు. నా దృష్టిలో ఈ కథకు అసలు మలుపు ఇక్కడే ఉంది. ఆఫ్‌సైడ్ గురించి గంటలకొద్దీ వాదించుకునే మనుషులు క్లబ్బు నిబంధనావళిని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. పాతదాంట్లో ఉన్న ఒక క్లాజు కొత్తదాంట్లో లేదు. మూసివేత తర్వాత మిగిలిన ఆస్తి వాటాదారులకు పోకూడదన్న క్లాజే అది.

పొరపాటున జారిపోయిందని క్లబ్బు వివరణ ఇచ్చింది. గోల ముదిరాక తిరిగి చేర్చారు కూడా. ఆర్చర్ పక్షాన చెప్పుకోవాల్సింది లేకపోలేదు. క్లబ్బుకు అప్పులున్న మాట నిజం, వారం వారం నష్టపోతున్న మాటా నిజం, వేరే కొనుగోలుదారు గుమ్మంలో నిలబడి లేడు. కానీ ఒకసారి ఆ క్లాజు మాయమైన సంగతి బయటపడ్డాక ఏ వివరణా ఎవరికీ ఎక్కలేదు. క్లబ్బు ప్రధాన కార్యనిర్వాహకుడు డేవిడ్ బెలోటీ ఒకప్పటి పార్లమెంటు సభ్యుడు. జనంతో మాట్లాడటం ఎలాగో తెలిసి ఉండాల్సిన మనిషి. స్టాండ్‌లో ఆయన కనిపిస్తే చాలు, ఆటను వదిలేసి అటు తిరిగి కేకలేసే పరిస్థితి వచ్చింది.

1996 ఏప్రిల్ 27న యార్క్ సిటీతో మ్యాచ్. గోల్డ్‌స్టోన్‌లో ఇదే ఆఖరిదేమోనని అందరూ అనుకుంటున్న రోజు. ఆట పదహారు నిమిషాలు సాగిందో లేదో జనం మైదానంలోకి దూకారు. గోల్‌పోస్టులు విరిచేశారు. మ్యాచ్ రద్దయింది. ఆ హింస సరైందని చెప్పలేం. కానీ ఇంగ్లండ్ అంతా బ్రైటన్ వైపు తిరిగి చూసింది ఆ రోజే. కొద్ది రోజుల్లోనే మరో ఏడాది అద్దెకు ఆడుకునే ఒప్పందం కుదిరింది. నిన్నటిదాకా సొంతమైన మైదానానికి అద్దె కట్టుకుంటూ జట్టు నాలుగో అంచె లీగులోకి దిగింది.

ఆ సీజన్లో పోరాటం రకరకాల వేషాలు వేసింది. ఆర్చర్ నివాసం బ్రైటన్‌లో కాదు, ఎక్కడో ఉత్తరాన లాంకషైర్‌లోని ఒక ఊళ్లో. అభిమానులు బస్సులెక్కి అక్కడికి వెళ్లి వీధుల్లో ఊరేగింపు తీశారు. నవంబరులో మాన్స్‌ఫీల్డ్‌తో మ్యాచ్‌ను బహిష్కరించారు. మ్యాచ్‌కు రెండు వేల మంది కూడా రాలేదు. జట్టును ప్రాణంలా చూసుకునేవాళ్లే టికెట్ కొనకుండా గేటు బయట నిలబడటం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. క్లబ్బు ఖజానా ఎండితే యజమాని దిగివస్తాడు, కానీ అదే ఖజానాలోంచి ఆటగాళ్ల జీతాలూ రావాలి. ఈ చిక్కుముడి ఏ క్లబ్బు అభిమానులకైనా తప్పదు. ఆ సీజన్లోనూ జనం మళ్లీ మైదానంలోకి దూకినందుకు జట్టుకు రెండు పాయింట్ల కోత కూడా పడింది. ఆ రెండు పాయింట్లను గుర్తుంచుకోండి.

1997 ఫిబ్రవరి 8న మాత్రం మరోలా జరిగింది. ఒక ప్లిమత్ కుర్రాడికి వచ్చిన ఆలోచన అది. అన్ని క్లబ్బుల అభిమానులూ ఒక రోజు ఎవరి రంగుల చొక్కాలో వాళ్లు బ్రైటన్ రావాలి. వచ్చారు. దేశం నలుమూలల నుంచే కాదు, ఐరోపాలోని ఇతర దేశాల నుంచీ వచ్చారు. మామూలుగా ఒకరినొకరు కన్నెత్తి చూడని జట్ల మఫ్లర్లు ఒకే మెట్ల మీద కనిపించాయి. ఆ ఊపులో బ్రైటన్ హార్టిల్‌పూల్‌ను 5-0తో ఓడించింది. అప్పటికే కొత్త కోచ్ స్టీవ్ గ్రిట్ చేతిలో జట్టు తేరుకుంటోంది. ఒక దశలో పట్టిక అట్టడుగున, పైజట్టుకు పది పాయింట్లకు పైగా దూరంలో ఉన్న జట్టు మెల్లగా ఎగబాకింది. తెర వెనక ఫుట్‌బాల్ అసోసియేషన్ మధ్యవర్తులను పెట్టింది. డిక్ నైట్ అనే ప్రకటనల రంగం మనిషి నాయకత్వంలో పాత అభిమానుల బృందానికి క్లబ్బు అప్పగించేలా ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. ఆర్చర్ వాటా వెంటనే పోలేదు, పెత్తనం మాత్రం పోయింది.

క్లబ్బు దక్కింది గానీ నేల దక్కలేదు. ఏప్రిల్ 26న డాంకాస్టర్‌పై 1-0 గెలుపుతో గోల్డ్‌స్టోన్ కథ ముగిసింది. బంతి క్రాస్‌బార్‌ను తాకి వెనక్కి వస్తే స్టూవర్ట్ స్టోరర్ గోల్‌లోకి తన్నాడు. అక్కడ పడిన చివరి గోల్ అది. విజిల్ మోగగానే జనం లోపలికి వచ్చి గడ్డి పెళ్లగించుకున్నారు, కుర్చీలు ఊడదీసుకున్నారు, బోర్డులు మోసుకుపోయారు. ఆ గడ్డి ముక్కలు ఎన్నో ఇళ్ల పెరళ్లలో నాటుకున్నాయి.

సరిగ్గా వారానికి, మే 3న, హెరెఫోర్డ్‌లో చివరి మ్యాచ్. రెండు జట్లలో ఓడినది లీగు నుంచే బయటికి పోతుంది. డ్రా అయితే బ్రైటన్ బతుకుతుంది. కారణం వింతగా ఉంటుంది. అప్పటి నిబంధన ప్రకారం పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా చూడరు, ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారో చూస్తారు. గోల్స్ తేడా చూసి ఉంటే మిగిలేది హెరెఫోర్డే. ఆ రెండు పాయింట్ల కోత లేకపోతే డ్రా అయినా పాయింట్లు సమానమయ్యేవే కావు. మొదటి సగంలో బ్రైటన్ డిఫెండర్ కెరీ మేయో తన గోల్‌లోనే బంతి వేసుకున్నాడు. పుట్టి పెరిగింది సస్సెక్స్‌లోనే, పంతొమ్మిదేళ్లు. ఆ తర్వాతి సమయం అతనికి ఎలా గడిచిందో! రెండో సగంలో క్రెయిగ్ మాస్కెల్ కొట్టిన బంతి పోస్టుకు తగిలి వెనక్కి వచ్చింది. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన రాబీ రైనెల్ట్ దాన్ని గోల్‌లోకి తోశాడు. 1-1. ఆఖరి నిమిషాల్లో హెరెఫోర్డ్ ఫార్వర్డ్ గోలీ ఎదుట ఒంటరిగా నిలిచి కూడా గోల్ చేయలేకపోయాడు. పావు శతాబ్దం తర్వాత హెరెఫోర్డ్ లీగు నుంచి బయటికి నడిచింది.

తర్వాతి ప్రయాణం సుదీర్ఘం. రెండేళ్లు జిలింగమ్‌లో, రానుపోను 150 మైళ్ల దూరం. ఆ తర్వాత పన్నెండేళ్లు విత్‌డీన్ అనే పరుగుపందేల మైదానంలో, తాత్కాలిక స్టాండ్ల మధ్య. ఫాల్మర్ దగ్గర స్టేడియం కోసం 1999లో ఊరంతా ఓటు వేస్తే మూడింట రెండొంతులకు పైగా సరేనన్నారు. ప్రభుత్వ అనుమతికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. మధ్యలో అభిమానులు పాటొకటి రికార్డు చేసి 2005లో బ్రిటన్ హిట్ల పట్టికలో 17వ స్థానానికి ఎక్కించారు. 2011లో కొత్త స్టేడియం తెరుచుకుంది. అప్పటికి యజమాని టోనీ బ్లూమ్, బ్రైటన్‌లోనే పుట్టిన మనిషి. 2017లో జట్టు ప్రీమియర్ లీగుకు చేరింది. గోల్డ్‌స్టోన్ ఉన్న చోట బొమ్మల దుకాణం, బర్గర్ల హోటల్ వెలిశాయి.

ఈ కథ చదువుతుంటే మనకు గచ్చిబౌలి స్టేడియం గుర్తుకు రాక మానదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్లలోనే జీతాలు అందని స్థితికి చేరింది. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో జట్టు అట్టడుగున నిలిచింది. యజమానులు మారారు. చివరికి 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. బ్రైటన్ వాళ్లకు పట్టుకుని వేలాడటానికి నేల ఉండింది, వెతకడానికి క్లాజు ఉండింది. మన దగ్గర స్టేడియం ప్రభుత్వానిది, లీగులో చోటు ఫ్రాంచైజీది. అభిమానికి మిగిలింది చొక్కా ఒక్కటే. 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఊరిది. అమ్మడానికి దానికి ప్రైవేటు యజమాని లేడు, ఢిల్లీకి తరలించే వీలూ లేకపోయింది.

ఇంతకీ హెరెఫోర్డ్ ఏమైంది? ఆ రోజు లీగు నుంచి పడిపోయిన ఊరి గురించి బ్రైటన్ కథలు చెప్పేవాళ్లు ఎక్కువగా మాట్లాడరు. 2006లో ఆ జట్టు లీగుకు తిరిగి వచ్చింది, 2012లో మళ్లీ పడింది. ఆ తర్వాత అప్పులు, బకాయిలు, యజమానుల మార్పిడి, అభిమానుల బహిష్కరణ, అన్నీ వరుసగా వచ్చాయి. 2014 డిసెంబరు 19న లండన్ హైకోర్టు హెరెఫోర్డ్ యునైటెడ్‌ను మూసేయమంది. కొన్ని నెలల్లోనే అభిమానులు ముందుండి హెరెఫోర్డ్ ఎఫ్‌సీ పేరుతో కొత్త క్లబ్బు పెట్టి, పాత ఎడ్గర్ స్ట్రీట్ మైదానంలోనే, ఎన్నో అంచెల కింద నుంచి ఆట మొదలుపెట్టారు. 2016, 17, 18 మూడేళ్లూ వరుసగా పై లీగుకు ఎక్కారు.