చిహ్నము - సాక్ష్యము: జపాను పింగాణిపైనను పాత తుపాకులపైనను గల ముద్రలను గూర్చి

తాళపత్రప్రతుల చివరనుండు గద్యలను చదువునపుడు మనము చూపు జాగరూకత, వస్తువులపై నున్న ముద్రలను చదువునపుడు చూపుట లేదు. ఒక ప్రతి చివర ఫలాని సంవత్సరమున ఫలానివారు వ్రాసిరని యున్నను, తరువాతి లేఖకుడు మూలమునందలి గద్యను సంవత్సరముతో సహా ఎత్తి వ్రాసియుండవచ్చునని విద్యార్థులకు మొదటి పాఠముగనే చెప్పుచున్నాము. కాని పింగాణి పళ్లెము అడుగున నాలుగు అక్షరములు కనబడినను, తుపాకిపై ఒక కిరీటపు గుర్తు కనబడినను, అది తిరుగులేని ప్రమాణమని నమ్ముదుము. లేదా, అంతకంటె చెడ్డగా, దానిని చూడకయే యింటివారు చెప్పిన కథను నమ్ముదుము.

ఈ రెండవ దోషము మాదే. విజయనగర సంస్థానచరిత్రను గూర్చి కొన్ని సంవత్సరములకు పూర్వము వ్రాసిన వ్యాసమున, విశాఖ ప్రాంతపు ఒక కుటుంబమువారి పూర్వులు 1794 జూలై 10వ తేదీన జరిగిన పద్మనాభ యుద్ధమున విజయరామ గజపతిరాజుగారి పక్షమున పోరాడిరనియు, ఆనాడు కంపెనీ సిపాయి చేతినుండి లాగికొనిన తుపాకి నేటికిని వారి యింట నున్నదనియు వ్రాసితిమి. తుపాకిని కంటితో చూచితిమి గాని పరిశీలింపలేదు. మొన్నటి వేసవిలో మరల ఆ యింటికి పోయి, యజమానిగారి అనుమతితో దానిని క్రిందికి దింపించి చూచితిమి. ఆనాడే ఆ వృద్ధులు పెట్టెలోనుండి ఒక పింగాణి పళ్లెమును గూడ తెచ్చి చూపిరి. భీమునిపట్టణపు డచ్చివారు తమ పూర్వుల కిచ్చిన కానుక అది యని వారి యింటి వాడుక. చీనాభాష తెలిసిన ఒకరు పళ్లెపు అడుగున నున్న అక్షరములను చదివి, అది ఐదువందల యేండ్లనాటి చీనా చక్రవర్తి కాలపు వస్తువని చెప్పిరట. అందుచే డచ్చివారి కథను ఇంటిలోని చిన్నవారు విడిచిపెట్టిరి. చీనావస్తువు డచ్చివారిదెట్లగునని వారి సందేహము.

ఈ రెండు వస్తువులును ఒకే గోడక్రింద నుండుట మాకు మేలయ్యెను. ముందు పళ్లెమును గూర్చి చెప్పెదము.

పళ్లెమునందు తెల్లని నేలపై నీలవర్ణమున పూలును పక్షియు, అంచున గళ్లుగళ్లుగ విభజింపబడిన చిత్రములును గలవు. అడుగున ఆరు చీనాలిపి అక్షరములు రెండు వరుసలుగ నున్నవి. మహామింగు వంశపు ఛెంగ్‌హువా కాలమున చేయబడినదని వాని యర్థము. ఆ చక్రవర్తి పాలనము 1465 మొదలు 1487 వరకు. చదివినవారు తప్పు చదువలేదు. కాని ఆ అక్షరముల చుట్టును, గాజుపూతపై, ఐదు చిన్న చిన్న గరుకు చుక్కలు కనబడుచున్నవి. వ్రేలితో తడవినచో తగులును. అవి చిత్రకారుడు పెట్టినవి కావు. వెడల్పైన పళ్లెము ఆవములో కాలునపుడు నడుమ క్రుంగిపోకుండుటకై అడుగున చిన్న మట్టిమొలకలను నిలిపి, కాలిన తరువాత వానిని విరుగగొట్టుదురు. ఆ విరిగిన గుర్తులే ఇవి. ఈ పద్ధతి జపాను దేశమున, క్యూషూ ద్వీపమునందలి అరితా ఆవములలో పరిపాటి. చీనాలోని జింగ్‌దెజెన్ పనివారికి సామాన్యముగ దీనితో పనిలేదు.

అరితాలో పింగాణి పుట్టినదే 17వ శతాబ్ది ఆరంభమున. 1592 మొదలు 1598 వరకు హిదెయోషి కొరియాపై సాగించిన దండయాత్రలలో జపాను ప్రభువులు కొరియా కుమ్మరులను పట్టి తెచ్చిరి. వారిలో యీ సామ్ ప్యోంగ్ అనునతడు ఇజుమియామా కొండలో తగిన రాతిమట్టిని కనుగొనెననియు, 1616 ప్రాంతమున అక్కడ పింగాణి మొదలయ్యెననియు ఐతిహ్యము. కనుక ఛెంగ్‌హువా చక్రవర్తి జీవించియున్న కాలమున అరితాలో తెల్లపింగాణి పాత్ర ఒక్కటియు లేదు. మఱి అక్షరము లెట్లు వచ్చినవి? చీనా పింగాణియే మేలురకమని లోకమునకు నమ్మకము. అందులో షువాన్‌దె, ఛెంగ్‌హువా కాలముల పనితనము ఆదర్శము. ఆ పేరు వ్రాయుట పాత్రకు మంగళవాచకము వంటిది. మోసగింపవలెననియే వ్రాసిరనుట అన్యాయము. అరితావారు 'అదృష్టము' అను నర్థముగల ఫుకు అక్షరమును గూడ చదరపు గడిలో పెట్టి అడుగున వ్రాయుచుండిరి. దానిని ఎవరును పనివాని పేరనుకొనరు గదా! చీనాలో సైతము 1677లో జింగ్‌దెజెన్ అధికారి కాంగ్‌షీ చక్రవర్తి పేరును పాత్రలపై వ్రాయరాదని నిషేధింపగా, పనివారు మరల ఛెంగ్‌హువా పేరునే ఆశ్రయించిరి. పగిలిన పాత్ర చెత్తకుప్పలో పడినపుడు ప్రభువు పేరు అపవిత్రమగునని ఆ నిషేధమునకు కారణము చెప్పుదురు. చచ్చిన ప్రభువు పేరునకు ఆ భయము లేదు కాబోలు.

చీనాలో మింగు వంశము కూలి, యుద్ధములవలన జింగ్‌దెజెన్ ఎగుమతులు దెబ్బతినగా, డచ్చి కంపెనీవారు అరితా వైపు తిరిగిరి. 1659లో వారు చేసిన పెద్ద కొనుగోలుతో ఐరోపాకు జపాను పింగాణి వరదకట్టినది. ఓడల కెక్కిన రేవు ఇమారి యగుటచే ఆ పాత్రలకు ఇమారి యనియే పేరు వచ్చెను. చేసిన యూరి పేరు మరుగున పడి పంపిన రేవు పేరు నిలిచెను. మన తీరమున మచిలీపట్టణపు పేరుతో ఐరోపాలో అమ్ముడుపోయిన అద్దకపు బట్టలన్నియు ఆ యూరనే తయారైనవి కావుగదా. డచ్చివారు చీనాపద్ధతిలోని గళ్ల అంచుల పళ్లెములనే కోరిరి. అరితావారు అట్లే చేసి యిచ్చిరి. మాకు చూపిన పళ్లెము ఈ కోవకు చెందినదే. మట్టిమొలకల గుర్తులు తరువాతి కాలమునను కొనసాగినవి గావున వానినిబట్టి మాత్రమే కాలనిర్ణయము చేయలేము. నీలపు ఛాయ, అంచు చిత్రణము, పాదపు కట్టు, ఈ మూటిని కలిపి చూడగా 17వ శతాబ్ది ఉత్తరార్ధమని మా యభిప్రాయము.

చూడుడు, ఫలిత మెట్లు తారుమారైనదో. ముద్రను నమ్మినవారు డచ్చివారి కథను కొట్టివేసిరి. ముద్ర అనుకరణ మని తేలగనే ఆ కథకు మరల ప్రాణము వచ్చినది. జపాను పింగాణిని ఓడలలో తెచ్చిన ఐరోపావారు ఆనాడు డచ్చివారే. 17వ శతాబ్దిలో భీమునిపట్టణమున నెలకొని 1825లో దానిని ఆంగ్లేయులకు అప్పగించినవారును వారే. కానుక నిజమని ఇంతమాత్రమున సిద్ధింపదు. అసంభవ మనుట మాత్రము తొలగినది.

తరువాతి కాలపు జపాను పాత్రల ముద్రలను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. ఏలన, మన గృహములలో కనబడునవి ఎక్కువగ ఇవియే. రోమను లిపిలో 'నిప్పాన్' అని యున్న పాత్రను తాతల తాతలనాటిదని చూపువారు పలువురు. అమెరికావారు 1890లో చేసిన సుంకపు శాసనము ననుసరించి, 1891 మార్చినుండి తమ దేశమునకు వచ్చు సరుకులపై పుట్టిన దేశము పేరు ఆంగ్లమున నుండవలెనని విధించిరి. జపానువారు 'నిప్పాన్' అని వ్రాసిరి. అది ఆంగ్లపదము కాదని 1921లో సుంకపు అధికారులకు తోచి, 'జపాన్' అని వ్రాయుమనిరి. యుద్ధానంతరమున దేశము అమెరికా సేనల అధీనమున నున్నపుడు, 1952 వరకు, 'ఆక్రమిత జపానులో తయారైనది' అను ముద్రయు వచ్చినది. ఈ ముద్రలు పనివాని సంతకములు కావు, సుంకపు గుమాస్తా కొరకు వ్రాసిన సమాధానములు. అందుచేతనే ఇవి కాలనిర్ణయమునకు ఛెంగ్‌హువా అక్షరములకంటె ఎక్కువ ఉపకరించును. అయితే, ముద్ర లేనంత మాత్రమున పాత్ర 1891కి పూర్వపు దనరాదు. ఆ శాసనము అమెరికాకు పోవు సరుకునకే గాని రంగూనుకు పోవు సరుకునకు వర్తింపదు. 'నిప్పాన్' ముద్రకు సేకరించువారిలో గిరాకి పెరిగిన పిమ్మట దానినే దొంగముద్రగ వేసిన క్రొత్తపాత్రలును బయలుదేరినవి.

సాట్సుమా పాత్రల విషయము మరియొక విధము. వలయములో సిలువవంటి గుర్తు షిమాజు ప్రభువుల వంశచిహ్నము. వారి సీమ సాట్సుమా. కాని 19వ శతాబ్ది చివర ఎగుమతికై క్యోటోలోను యొకొహామాలోను అలంకరింపబడిన పాత్రలపై సైతము ఆ గుర్తునే వేసిరి. హైదరాబాదునందలి సాలార్‌జంగు సంగ్రహాలయమున జపాను పాత్రలను చూడబోవు విద్యార్థులు ఈ సంగతిని మనస్సున నుంచుకొందురుగాక. వంశచిహ్నము చూచి ప్రభువు ఆవమునుండి వచ్చినదని వ్రాసికొనినచో పొరపాటు కావచ్చును.

ఇక తుపాకి. జపాను తుపాకులకును పింగాణికిని ఒక పోలిక కలదు. 1543లో పోర్చుగీసువారివలన తానెగాషిమా ద్వీపమున తుపాకిని నేర్చిన జపానువారు కునితొమో, సకాయి వంటి యూళ్లలో వేలకొలది చేసిరి. పనివాని పేరు గొట్టము అడుగుభాగమున, కొయ్యలో దాగియుండునట్లు చెక్కుట వారి యలవాటు. గొట్టమును కొయ్యనుండి విడదీసిననే గాని కనబడదు. ఆంగ్లేయుల తుపాకిలో ముద్రలు బయటనే యుండును. వానిలో మూడు తెగలు. గొట్టమునందు అధికమైన మందు కూరి పేల్చి చూచు బలపరీక్షకు సంబంధించినవి మొదటి తెగ. 1637లో అధికారపత్రము పొందిన లండను తుపాకిపనివారి సంఘము వేయు కిరీటముక్రింది జి.పి., వి. అక్షరములును, 1813లో శాసనసభ చట్టముచే బర్మింగుహాములో ఏర్పడిన పరీక్షాలయము వేయు అడ్డకర్రలవంటి రాజదండములును ఇట్టివి. ఈ ముద్ర 'గొట్టము పగులలేదు' అని మాత్రమే చెప్పును. చేసినవాని పేరు రెండవ తెగ. ఇక మూడవది సొత్తు ఎవరిదో తెలుపునది. మాకు పనికివచ్చినది ఇదియే.

ఈస్టిండియా కంపెనీవారు హృదయాకారమును అడ్డుగీతలతో నాలుగు గదులుగ చేసి, వి, ఇ, ఐ, సి అను అక్షరములు పెట్టి, పైన నాలుగు అంకెవంటి గుర్తు నుంచెడివారు. వి అనునది పాతవ్రాతలో యు అక్షరమే. సరుకుల బేళ్లపైనను, చెన్నపట్టణపు రాగి నాణెములపైనను కనబడునది ఈ గుర్తే. తుపాకి లాకు పలకపైనను దీనితో బాటు సరఫరాదారు పేరు, సంవత్సరము నుండెడివి. 1808 ప్రాంతమున ఈ పద్ధతిని మార్చి, ముందరి పాదములతో కిరీటమును పట్టుకొని నిలుచున్న సింహమును వేయసాగిరి. పద్మనాభమున కంపెనీ సిపాయి చేతిలో నుండదగినది హృదయముద్ర. మేము తుడిచి చూచినపుడు, తుప్పు క్రిందినుండి లేచినది సింహము.

లాకును తరువాత మార్చియుండరాదా యను శంక మాకును కలిగినది. గొట్టము ముప్పదితొమ్మిది అంగుళములు. కంపెనీవారు 18వ శతాబ్ది చివరి భాగమునుండియు ఇదే కొలతను వాడిరి గావున దానివలన ఏమియు తేలదు. అందుచే మరలు విప్పించి లాకును తీసి చూచితిమి. కొయ్యలో తొలిచిన గూడు ఆ లాకునకే సరిపోయినది. మరియొక మర కన్నము పూడ్చిన జాడ లేదు, అతుకు లేదు. చెకుముకి రాతిని పట్టు కొంకి మెడ, హంస మెడవలె వంగినది గాక, నడుమ రంధ్రముగల గట్టి రకము. బ్రిటిషు సేనాతుపాకులలో ఇది 1809 ప్రాంతమునుండి వచ్చినది. వేర్వేరు దారులనుండి వచ్చిన రెండు సాక్ష్యములు ఒక్కచోట కలిసినవి. యుద్ధము జరిగిన పదునాలుగేండ్లకైనను పిమ్మటగాని ఈ తుపాకి పుట్టలేదు.

సింహమును నమ్మి ఛెంగ్‌హువాను నమ్మకపోవుట పక్షపాతమా? కాదని మా సమాధానము. సింహము కంపెనీ ఆయుధశాలలో సొత్తును లెక్కించుటకై వేసినది. దానిని పాతకాలపు దానివలె కనబడజేయవలెనని ఎవరికిని కోరిక లేదు. వాయవ్య సరిహద్దునందలి దర్రా ఆదమ్ ఖేల్ పనివారు చేసిన తుపాకులపై ఆంగ్లముద్రలు గలవు. వానిలో అక్షరములు తలక్రిందులైనవియు, 1901లో రాణి విక్టోరియా మరణించిన తరువాతి సంవత్సరముతో ఆమె పేరు గలవియు ఉన్నవి. అక్షరము తెలియని చేయి బొమ్మగ చూచి చెక్కినది. అక్కడ సింహమైనను నమ్మదగినది కాదు. మా తుపాకిపై అట్టి తొట్రుపాటు లేదు. పలకలోపలి పనివాని గుర్తులును చక్కగ నున్నవి.

ఈ మాట యజమానిగారికి చెప్పుట మాకు సులభము కాలేదు. ప్రతి దసరాకును ఆ తుపాకికి కుంకుమ పెట్టి ఆయుధపూజ చేయు గృహమది. స్థానికచరిత్రలు వ్రాయువారు మా వ్యాసమును చూపి ఆ కథను మరల వ్రాసియున్నారు. ఆయన కొంతసేపు మాటాడక, "అట్లయిన మావారు యుద్ధములో లేరనియా?" అని యడిగిరి. కాదు. వారుండిరో లేరో ఈ తుపాకికి తెలియదు. అంతే. గజపతులకు వారు సేవకులని తెలుపు భూదానపత్రము ఒకటి ఆ యింటనే యున్నది. దానిని మేము చదివితిమి. అందు యుద్ధప్రసక్తి లేదు గాని ఆ కుటుంబపు పరువునకు తుపాకికంటె అది గట్టి యాధారము. తుపాకి వారియింటికి ఎట్లు వచ్చెనో ఊహించుట కష్టము కాదు. కంపెనీ పాత ఆయుధములు వేలములలో అమ్ముడుపోయెడివి. సేన విడిచి యింటికి వచ్చిన తెలుగు సిపాయిలును ఈ ప్రాంతమున తక్కువ కారు. ఉత్తరదేశమున సిపాయికే 'తిలంగా' యను పేరు వచ్చినంతగ మనవారు ఆ సేనలో నుండిరి. శత్రువు చేతినుండి లాగికొనినది గాక, కొలువు చేసి తెచ్చుకొనినదే కావచ్చును. ఇది ఊహయే. మరియొకమారు తొందరపడి వ్రాయము.

కావున మా పూర్వవ్యాసమునందలి ఆ వాక్యమును ఇందుమూలముగ ఉపసంహరించుకొనుచున్నాము. దానిని ఉదాహరించినవారు సవరించుకొన ప్రార్థన. పళ్లెము విషయమున చేయవలసిన పని మిగిలియున్నది. డచ్చి కంపెనీవారి పత్రములు హేగ్ నగరమునందలి జాతీయ పత్రాలయమున భద్రముగ నున్నవి. భీమునిపట్టణపు కొఠీలో ఎవరికి ఏ కానుక లిచ్చిరో ఆ పత్రములలో వెదకవలసియున్నది. పాత డచ్చిలిపి నేర్చిన విద్యార్థి ఎవరైనను పూనుకొందురేని, పళ్లెపు కొలతలను, అడుగుభాగపు ఛాయాచిత్రములను మేము పంపగలము.