మజిలీ

‘మీరు ముస్లిమా? తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే!’

ఈ మాట నేను వినని ఊరు లేదు. అన్నవాళ్ళు మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. నల్లగొండ జిల్లాలో పుట్టి, తెలుగు మీడియంలో చదివి, ఇరవై ఏళ్ళుగా తెలుగులో వార్తలు రాస్తున్నవాణ్ణి. ఇంకా పరాయివాడిగానే మెప్పు పొందుతున్నాను.

2023 జనవరిలో జైపూర్ నుంచి అజ్మీర్‌కు నడిచి వెళ్తుంటే ఇదే మాట ఇంకో వైపు నుంచి తగిలింది. ‘కహాఁ సే ఆయే?’ అన్నారు. ‘తెలంగాణా’ అన్నాను. ‘అచ్ఛా, మదరాసీ!’ నా నోట ‘నక్కో’, ‘హౌ’ వచ్చినప్పుడల్లా నవ్వులు. ‘ఇదీ ఉర్దూయేనా మియా?’ ఇక్కడ తెలుగు మాది కాదంటారు. అక్కడ ఉర్దూ మాది కాదంటారు. మరి మాదేది?

ఏటా రజబ్ నెలకు ముందు కలందర్లు, మలంగులు ఢిల్లీ మెహ్రోలీలోని ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గా నుంచి జెండాలు కట్టిన ఛడీలు పట్టుకుని బయల్దేరుతారు. ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ ఉర్సు వేళకు అజ్మీర్ చేరతారు. శిష్యుడి సమాధి నుంచి గురువు సమాధికి నడక. 400 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. నాకు సెలవు దొరికింది చివరి 130 కిలోమీటర్లకే. మొదటి సాయంత్రానికే అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఒక ముసలి మలంగ్ ఆవనూనె వెచ్చజేసి రాస్తూ ‘ఏక్ మంజిల్ హో గయీ, బేటా’ అన్నాడు.

ఆ మాటకు మా దాదీ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు దాదీ వెంట జాన్‌పహాడ్ దర్గాకు పోయేవాళ్ళం. ముందు ఎడ్లబండ్లు, వెనక మేం. మాతోపాటు మా ఊరి గొల్లవాళ్ళు, మాదిగవాళ్ళు, తండా నుంచి లంబాడీలు. మా దిక్కు సైదులు, సైదమ్మ అన్న పేర్లు వినగానే మతం చెప్పడం ఎవరి తరమూ కాదు. జాన్‌పహాడ్ సైదులుకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలు వాళ్ళు. చింతతోపులో బండ్లు ఆగితే దాదీ చతికిలబడి ‘ఏక్ మంజిల్ హుయీ’ అనేది. పక్కనే గొల్ల తాత గొంగడి పరుచుకుంటూ ‘ఒక మజిలీ అయింది’ అనేవాడు. ఇద్దరూ ఒకే మాట అంటున్నారని డిగ్రీకి వచ్చేదాకా నాకు తెలియలేదు.

మజిలీ అంటే అరబ్బీలో మంజిల్. ప్రయాణంలో దిగే చోటు. 1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ పోయి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన ‘కాశీయాత్ర చరిత్ర’లో ప్రయాణాన్ని మజిలీలుగానే లెక్కపెట్టుకున్నాడు. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ రాశారు. సన్యాసి నడుస్తాడు, గోపకుమారుడు కావడి మోస్తాడు, ప్రతి మజిలీలో ఒక కథ. తెలుగువాడు కాశీకి పోయిన దారి పొడుగునా మా దాదీ మాట తోడుంది. ఆ మాటను ‘నీదే మతం?’ అని ఎవరూ అడగలేదు. మాటకు దొరికిన ఇల్లు మాకెందుకు దొరకదు?

రహదారి కూడా అంతే. పారశీకంలో రాహ్ అంటే దారి. రాహ్‌దారీ అంటే దారిలో వసూలు చేసే సుంకం, దారి విడిచిపెట్టే అనుమతి. బ్రౌన్ నిఘంటువు చూస్తే రహదారి అంటే దారిచీటీ అనే ఉంటుంది. తర్వాత్తర్వాత చీటీ పోయి దారి మిగిలింది.

నడిచేవాళ్ళ దగ్గర చేయి చాచని రాజ్యం అరుదు. మధుర యాత్రికుల మీద పన్నును అక్బర్ 1563లో ఎత్తేశాడు. కొడుకు సలీం పుట్టాక మొక్కు తీర్చుకోవడానికి 1570లో ఆగ్రా నుంచి అజ్మీర్‌కు కాలినడకన పోయాడు. ఆ బాటలో క్రోసు క్రోసుకూ మినార్, బావి కట్టించాడు. ఆ మినార్లకు జింక కొమ్ములు బిగించేకంటే తోటలో సరాయిలో వేయిస్తే మేలయ్యేదని బదాయూనీ చురక వేశాడు. లాహోరు బాటలోని అలాంటి మినార్ ఒకటి ఇప్పటికీ ఢిల్లీ జూలో నిలబడి ఉంది. ఔరంగజేబు గద్దెనెక్కిన తొలి ఏళ్ళలో రాహ్‌దారీ సుంకం ఎత్తేశాడు. 1679లో జిజియా మళ్ళీ వేశాడు. కంపెనీ దొరలు పూరీలో, గయలో, ప్రయాగలో యాత్రికుల పన్ను పిండుకుని 1840లో గానీ వదల్లేదు. అక్బర్ పేరు చెప్పి నేను మీసం తిప్పుకోను. ఔరంగజేబు లెక్కకు నన్ను పూచీ పెట్టకండి. మా తాతలు గుర్రాలెక్కి వచ్చినవాళ్ళు కారు, ఎడ్లబండి వెనక నడిచినవాళ్ళు.

దూదూ దాటాక ఒకచోట కొందరు కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళు అడ్డంపెట్టి కార్డులు చూపించమన్నారు. పోలీసులు కారు. అడిగే హక్కు ఎవరిచ్చారని వాళ్ళను నిలదీసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. నేను పత్రిక కార్డు తీశాను. నన్ను వదిలేశారు. నా కాళ్ళకు నూనె రాసిన మలంగ్ దగ్గర ఏ కార్డూ లేదు. ఆయన జోలె రోడ్డు మీద బోర్లించారు. చిప్ప, తస్బీ, రెండు రొట్టెలు, ఆవనూనె సీసా పడ్డాయి. ఆయన ఒక్కొక్కటే ఏరుకున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. రహదారికి ఆ పాత అర్థం తిరిగొచ్చింది. నడవడానికి చీటీ కావాలి. నా దగ్గర ఉంది, ఆయన దగ్గర లేదు. ఆ కార్డు తీసినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

రెండు మైళ్ళు పోయాక టీ కొట్టాయన అందరికీ చాయ్ పోసి పైసలు వద్దన్నాడు. గోడకు హనుమంతుడి పటం. రూపాయి బిళ్ళ కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టి, ‘బాబా దగ్గర వేయండి’ అన్నాడు. ఈ చాయ్‌తో ఆ జోలె సంగతి మాసిపోదు. కానీ రెండూ ఒకే రోడ్డు మీద జరిగాయి. ఒకటి రాసి ఇంకొకటి దాచిపెడితే అబద్ధమవుతుంది.

మా లోపలి మాట కూడా చెప్పుకోవాలి. దర్గాకు నడవడం బిద్దత్ అని మావాళ్ళే నన్ను మందలించారు. ఎవరి నమ్మకం వాళ్ళది, వాదానికి దిగను. అయితే ‘ఈ నడక మనది కాదు’ అని వాళ్ళూ, ‘ఈ నేల మీది కాదు’ అని వీళ్ళూ కలిసి చెరిపేస్తున్నది మా దాదీ నడిచిన అడుగులనే. ఆ నడకనూ ఆకాశానికెత్తలేను. మా గుంపులో ఒక్క ఆడమనిషి లేదు. దాదీ బతికినన్నాళ్ళూ అజ్మీర్ అజ్మీర్ అని కలవరించింది. ఇంట్లో మగవాళ్ళు ఒక్కసారీ తీసుకుపోలేదు, మా అబ్బాతో సహా.

అయిదో రోజు సాయంత్రం అజ్మీర్ చేరాం. దర్గా ముందు మా ఏడో నిజాం కట్టించిన గేటు. దాని కింద ఇసకేస్తే రాలనంత జనం. ఆ తోపులాటలో వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు తెలుగులో వినపడింది: ‘సైదులూ, చెయ్యి ఇడువకు బిడ్డా!’

తిరిగి చూశాను. ఏడెనిమిదేళ్ళ పిల్లాడు తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి పోతున్నాడు. వాళ్ళు ముస్లిములో కాదో పేరును బట్టి తెలియదు. నేను అడగలేదు. టీ కొట్టాయన రూపాయి జేబులో ఉందో లేదో తడిమి చూసుకుని, వాళ్ళ వెనకే లోపలికి నడిచాను.