శలభములు

రెక్కలపై ధూళివలె కనబడు సూక్ష్మమైన పొలుసులు గల కీటకములలో సీతాకోకచిలుకలు పోగా మిగిలినవన్నియు శలభములే. రైతులు వీనిని రెక్కల పురుగు లందురు. సంస్కృతమున శలభశబ్దము మిడుతకును చెల్లును గాన, ప్రాచీనకావ్యములు చదువునప్పుడు కొంత జాగరూకత వలయును. ఇంతవరకు శాస్త్రజ్ఞులు వర్ణించిన శలభజాతులు సుమారు 1,40,000. సీతాకోకచిలుకలు సుమారు 18,000 మాత్రమే. ఐనను పగటివేళ విహరించు ఆ చిన్నవర్గమునకే సౌందర్యఖ్యాతి యంతయు దక్కి, దీపమున పడి చచ్చు మూఢజీవి యను అపకీర్తి శలభమునకు మిగులుట అన్యాయము.

వీని సొంపు చూడగోరువారు దూరదేశముల కేగనక్కరలేదు. గోదావరీతీరమున మహాదేవపురము, చెన్నూరు ప్రాంతముల అడవులలో మద్దిచెట్లపై పెంచబడు దసలిపట్టు పురుగు ఆకులు మేసి బలిసి, కొమ్మకు తొడిమతో వ్రేలాడు గట్టి పట్టుకాయ నల్లుకొని, కాలము పరిపక్వమైనప్పుడు ఒక ద్రవముతో దాని కొనను మెత్తపరచి శలభమై వెలువడును. ఆడుది సాధారణముగా పసుపువన్నెది, మగది ఇటుకవన్నెది. నాలుగు రెక్కలమీదను కన్నువంటి చుక్క యొక్కొక్కటి యుండును. దాని నడుమ పొలుసులు లేని అద్దమువంటి పొర గలదు. ఇంతటి అలంకారము ధరించిన ప్రాణికి ఆహారము గొను నోరు లేదు. గొంగళిగా కూడబెట్టుకొన్న సత్తువతోనే కొలదిదినములు జీవించి, జతగూడి, గ్రుడ్లుపెట్టి మరణించును.

మగదాని మీసములు పక్షియీకలవలె విచ్చుకొని యుండుట శోభకొఱకు గాదు. చీకటిలో ఆడుదాని వాసన పసిగట్టుటకు. మల్బరీ పట్టుశలభమున ఈ గంధద్రవ్యమును 1959లో జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు బ్యూటెనాండ్ట్ నిర్ధారించి బాంబికాల్ అని పేరిడెను. నేడు పత్తిచేలలో కట్టు లింగాకర్షక బుట్టలు ఈ తెలివికి ఫలములే. లేతాకుపచ్చని చంద్రశలభమునకు గల పొడవైన తోకలును శోభకొఱకు గావు: అమెరికాలో దాని సోదరజాతిపై చేసిన ప్రయోగములందు, ప్రతిధ్వని విని వేటాడు గబ్బిలము దేహమును విడిచి తోకపై దాడి సలుపుట కనబడినది.

ఇక దీపము మాట. 2024లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, రాత్రి యెగురు కీటకములు వెలుగునకు వీపు త్రిప్పి యెగురును. ఆకాశమే వెలుగైనంతకాలము ఈ స్వభావము వానిని నిలకడగా నుంచును గాని, దీపము చెంత అదియే వానిని చుట్టు త్రిప్పి బంధించును. ఇది వ్యామోహము గాదు, చిక్కుకొనుట. కొలదిరాత్రులే ఆయువుగా గల జీవికి అందొక రాత్రి పోవుట సంతానము పోవుటయే. కావున పాఠకులు నిద్రకు ముందు ముంగిటి దీప మార్పుదురుగాక.