1/70 చట్టం

షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఆపే నిబంధనను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీల్లో 1/70 చట్టం అంటారు. దీని మూలం 1959 నాటి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన. 1970లో తెచ్చిన ఒకటో నంబరు సవరణతో దీనికి కోరలు వచ్చాయి. శాసనసభ మామూలుగా చేసే చట్టం కాదిది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఐదో పేరా కింద, గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో గవర్నరు చేసినది.

ఈ చట్టం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరులో స్పష్టంగా తెలుస్తుంది. లారీల వ్యాపారానికి పేరుపడిన పట్టణం వేగావతి ఒడ్డున, మైదానంలో ఉంది. ఒడిశా వైపు ఘాట్ ఎక్కితే కొండదొరలు, జాతాపులు, గదబల ఊళ్లు. శాసనసభ స్థానం ఎస్టీలకు రిజర్వయింది కానీ, మండలంలోని ఊళ్లన్నీ షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. ఊరంతా గిరిజనులే ఉన్నా, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో దాని పేరు లేకపోతే అక్కడి పొలానికి 1/70 రక్షణ లేదు. అది ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన డి-పట్టా భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టమే దిక్కు.

ఈ ప్రాంతానికి వేరే చట్టం పెట్టడం కొత్తేమీ కాదు. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను 1839లోనే కంపెనీ ప్రభుత్వం సాధారణ పాలన నుంచి విడదీసి ఏజెంటు కింద పెట్టింది. 1917లో మద్రాసు ప్రభుత్వం కొండజాతుల భూమి ఇతరులకు పోకూడదని చట్టం చేసింది, ఏజెంటు అనుమతిస్తే చెల్లుతుందన్న మినహాయింపుతో. ఆ సందుతో పాటు నోటిమాట కౌళ్లు, అప్పు కింద పొలం పట్టుకోవడాలూ సాగిపోయాయి. 1959 నిబంధన కూడా ఈ దారులన్నీ మూయలేదు. అప్పటికే కొండెక్కిన గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడానికి అడ్డేమీ ఉండేది కాదు. సంతలో చింతపండు తూకం దగ్గర మొదలైన బాకీ చివరికి పల్లం భూమి దగ్గర తేలేది.

1967 అక్టోబరు 31న ఈ మన్యంలోనే లేవిడి దగ్గర, మొండెంఖల్లు సభకు వెళ్తున్న కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల మనుషుల తూటాలకు బలయ్యారు. అక్కడి నుంచి శ్రీకాకుళ పోరాటం సాయుధ రూపం తీసుకుంది. 1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చిన సవరణను ఆ పోరాటం నుంచి విడదీసి చూడలేం. నెత్తురు పారాక కానీ ప్రభుత్వం కదల్లేదు.

సవరణలో రెండు సంగతులు కీలకం. ఒకటి, షెడ్యూల్డ్ ప్రాంతంలో అమ్మేది ఎవరైనా, కొనేది గిరిజనులో గిరిజనుల సహకార సంఘమో కావాలి. కొనే గిరిజనులు లేకపోతే భూమిని ప్రభుత్వానికి అప్పగించి పరిహారం తీసుకోవచ్చు. రెండోది, నా దృష్టిలో చట్టానికి ప్రాణం: గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. కాగితం లేని రైతును కాగితం తెమ్మని అడిగే కోర్టుల్లో ఇది పెద్ద మార్పు.

ఇది ఆస్తి హక్కుకూ సమానత్వానికీ విరుద్ధమన్న వాదనను సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో తోసిపుచ్చింది. బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద వచ్చిన సమత కేసులో 1997 జూలై 11న మరో అడుగు వేసింది. చట్టంలోని ‘వ్యక్తి’లో ప్రభుత్వం కూడా ఉంటుందనీ, అందువల్ల ప్రభుత్వమే ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చినా చెల్లవనీ మెజారిటీ తీర్పు చెప్పింది.

2020 ఏప్రిల్ 22న గాలి మారింది. షెడ్యూల్డ్ ప్రాంతపు బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న ఐదో షెడ్యూలు కింద ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమనీ, ఐదో షెడ్యూలు కింద గవర్నరుకున్న అధికారం ప్రాథమిక హక్కులకు లోబడే ఉంటుందనీ చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని మాత్రం షరతులతో కొనసాగనిచ్చింది. పిల్లల భాష తెలిసిన టీచరు కొండ ఊళ్లో నిలకడగా ఉండటమూ హక్కుల ప్రశ్నే. తీర్పు దానికి తగిన బరువు ఇవ్వలేదు.

సమానత్వానికీ ఆదివాసుల రక్షణకూ మధ్య ఉన్న ఈ ముడితోనే అమెరికా న్యాయశాస్త్రమూ పెనుగులాడుతోంది. 1887 నాటి డాస్ చట్టం ఆదివాసుల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి అమ్మకానికి దారి తెరిచాక, 1934 నాటికి సుమారు 13.8 కోట్ల ఎకరాలు 4.8 కోట్లకు పడిపోయాయి. భూమి మీద రక్షణ సడలిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే లెక్క అక్కర్లేదు. అక్కడి సుప్రీంకోర్టు 1974లో మోర్టన్ వర్సెస్ మాంకారీ కేసులో, ఆదివాసీ వ్యవహారాల శాఖ ఉద్యోగాల్లో ఆదివాసులకు ఇచ్చే ప్రాధాన్యం జాతి వివక్ష కాదంది. అది రాజకీయ సముదాయంగా వారికున్న హోదా నుంచి వచ్చిందని తేల్చింది. మన జీవో 3 తీర్పు పక్కన పెట్టి చదవాల్సిన తీర్పు ఇది.

1/70ని పర్యాటకం కోసం సడలించాలన్న మాట 2025 ఆరంభంలో వినిపించగానే ఏజెన్సీలో బంద్ జరిగింది. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రకటించారు. సడలింపు కోరే గిరిజనేతరుల వాదనలో ఒక భాగం నిజమే. వారిలో తరాలుగా కొండ మీద ఉన్న పేద కుటుంబాలూ ఉన్నాయి. వారికి ఇల్లూ బతుకుతెరువూ చూపడం ప్రభుత్వం పని, చట్టానికి తూట్లు పొడవడం దానికి మార్గం కాదు.

అసలు కావలసిన సంస్కరణ సాలూరు, పాచిపెంట, మక్కువ మండలాల్లో జాబితాకెక్కని గిరిజన గ్రామాలను షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చడం. ఐదో షెడ్యూలు ఆరో పేరా ప్రకారం, గవర్నరును సంప్రదించి ఆ ప్రాంతాన్ని పెంచే అధికారం రాష్ట్రపతికి ఉంది.