ఇంటి చుట్టూ పందికొక్కులు: చాతం నేర్పే జాగ్రత్తలు

అందినకాడికి మింగేవారిని తెలుగులో పందికొక్కులతో పోలుస్తాం. ఈ తెలుగు మాటే ఇంగ్లిష్‌లోకి వెళ్లి ‘బ్యాండికూట్’ అయింది. ఆస్ట్రేలియాలోని సంచి జంతువులకు కూడా తర్వాత అదే పేరు పెట్టారు కానీ, వాటికీ మన పందికొక్కుకూ చుట్టరికం లేదు.

పందికొక్కుతో అసలు ముప్పు తిండిగింజల నష్టం ఒక్కటే కాదు. పునాది పక్కన మట్టి తవ్వి, గచ్చు కుంగేలా చేస్తుంది. అంతకన్నా ప్రమాదకరమైంది దాని మూత్రం. ఎలుక జాతి జీవుల మూత్రం ద్వారా లెప్టోస్పైరా బ్యాక్టీరియా నీటిలో, బురదలో కలుస్తుంది. కాళ్ల మీది చిన్న గాయాల నుంచి మన ఒంట్లోకి చేరుతుంది.

దీని తీవ్రత అండమాన్‌కు బాగా తెలుసు. 1988లో ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ప్రాంతంలో జ్వరంతో పాటు ఊపిరితిత్తుల్లో రక్తస్రావమయ్యే జబ్బు కనిపించింది. మొదట ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అన్నారు. అది లెప్టోస్పైరోసిస్ అని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) ఉన్న భారతీయ వైద్య పరిశోధన మండలి కేంద్రం ఈ జబ్బుపై విస్తృతంగా అధ్యయనం చేసింది.

ఆ నగరానికి వంతెనతో కలిసిన చిన్న దీవి చాతం. 1883 నాటి ప్రభుత్వ కలప కోత మిల్లు, ఓడల రేవు ఇక్కడి గుర్తులు. కలప దొంతరలు, సరుకు దిగే రేవు, నెలల తరబడి సాగే వానలు ఉన్న ఇలాంటి చోట ఎలుక జాతికి గూడు, తిండి, తేమ మూడూ దొరుకుతాయి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకే కాదు, వానాకాలంలో మురుగు నిలిచే మన ఊళ్లకూ ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి.

గుర్తించడం: గోడ వెంట, కాలువ గట్టున బొరియ, దాని ముందు తాజా మట్టి కుప్ప కనిపిస్తాయి. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూయండి. తెల్లారేసరికి తెరుచుకున్నవే వాడుకలో ఉన్నవి.

తిండి, గూడు తొలగించడం: చెత్తకు మూత పెట్టాలి. కోళ్ల దాణా, బియ్యం రేకు డబ్బాల్లో ఉంచాలి. కలప, కట్టెలను నేల మీద కాకుండా ఎత్తుగా, గోడకు ఎడంగా పేర్చాలి. కాలువ రంధ్రాలకు ఇనుప జాలీ బిగించాలి.

పట్టడం: ముందు బోనులు వాడండి. వాడుకలో లేని బొరియలను గాజు పెంకులు, కంకర, సిమెంటుతో పూడ్చండి. ఒక్కో ఈతలో అనేక పిల్లలు పెడతాయి కాబట్టి ఒక్క ఇంటివారు పూనుకుంటే చాలదు, వీధంతా కలిసి చేయాలి.

మందు: బ్రోమడయోలోన్ ఎరను పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని పెట్టెల్లోనే ఉంచాలి. దీనికి విరుగుడు విటమిన్ కె1. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు, ఇళ్లలో వాడకపోవడమే మేలు. విషం తిన్న ఎలుకను తింటే పిల్లులు, గుడ్లగూబలూ చనిపోవచ్చు. అందుకే చచ్చినవాటిని చేతి తొడుగులతో తీసి, లోతుగా పాతిపెట్టండి.

శుభ్రత: ఎలుక పెంటికలను పొడిగా ఊడ్చకూడదు. బ్లీచింగ్ నీళ్లు చల్లి, కాసేపు ఆగి తుడవాలి. బురదలోకి దిగేటప్పుడు బూట్లు తప్పనిసరి.

బురదలో తిరిగిన తర్వాత నెలలోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు కనిపిస్తే మామూలు జ్వరమని ఊరుకోవద్దు. నీళ్లలో తిరిగిన సంగతి డాక్టరుకు చెప్పండి. తొలి రోజుల్లో యాంటీబయాటిక్స్‌తో నయమయ్యే జబ్బు ఇది. ఆలస్యమైతే కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.