డిస్కో: శాలనుండి తెరకు

రాజూరానుండి ఆసిఫాబాదునకు పోవు బాటలో, నేటి మహారాష్ట్ర–తెలంగాణ సరిహద్దున, చంద్రపూర్ జిల్లాకు చెందిన లక్కడ్‌కోట్ గ్రామము కలదు. రాజూరా తాలూకా 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమందలి ఆదిలాబాదు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనలో నాందేడ్ జిల్లాకును, 1959లో చాందా జిల్లాకును చేరెను. ఇట్టి సీమలోని తెలుగువారికి బొంబాయి పాటయు మన పాటయు రెండును ఇంటివే. కావున డిస్కో యనెడి పాశ్చాత్య వినోదము మనకెట్లు వచ్చెనో, వచ్చుచు దేనిని జారవిడిచెనో విచారించుటకు ఈ సరిహద్దు తగిన చోటు.

డిస్కో మొదట పాట కాదు, ఒక తావు. గానబృందము లేక, రికార్డులను మ్రోగించి ఆడెడి శాలను ఫ్రెంచివారు 'డిస్కోతెక్' అనిరి. 1970 ప్రాంతమున న్యూయార్కులో నల్లజాతివారును, లాటిన్ అమెరికా సంతతివారును, స్వలింగ ప్రియులును, అనగా తక్కిన చోట్ల గడప త్రొక్కనీయబడనివారు, రాత్రులందు ఇట్టి శాలలలో కూడిరి. నిమిషమునకు సుమారు 120 దెబ్బలు. ప్రతి దెబ్బయు సమానము. ఆ దరువు రోలర్ స్కేట్లకును ఒదిగెను. నాలుగు చక్రముల స్కేటును 1863లో న్యూయార్కునందు ప్లింప్టన్ రూపొందించెను; అతని కాలమున అది మర్యాదస్థుల విహారము. స్కేటింగు శాలలలో చిరకాలము వర్ణభేదము పాటింపబడెను; నల్లవారికి పెక్కుచోట్ల వారమున కొక్క రాత్రియే విడిచెడివారు. 1963లో లెడ్జర్ స్మిత్ అను నల్లజాతి స్కేటరు షికాగోనుండి వాషింగ్టను వఱకు, దాదాపు 10 దినములు, స్కేట్లపైననే పోయి ఆ యేటి పౌరహక్కుల మహాప్రదర్శనమును చేరుకొనెను. చక్రముల జోళ్లకు ఇంతటి చరిత్ర గలదని మనలో నెందఱెఱుగుదురు? 1979 జూలై 12న షికాగో క్రీడారంగమున డిస్కో రికార్డుల పెట్టెను ప్రేల్చినపుడు మైదానమున జొరబడిన జనమునకు కేవలము సంగీతముపైననే కోపమని నమ్ముట నాకు కష్టము.

మనకు వచ్చినది ఆ శాల కాదు. బెంగుళూరున పుట్టి లండనులో స్థిరపడిన బిడ్డు, 1980లో 'కుర్బానీ' హిందీ చిత్రమునకై నాజియా హసన్‌చే పాడించిన పాట త్రోవ చూపెను. 1982లో 'డిస్కో డాన్సర్', దాని తెలుగు రూపమై 1984లో బాలకృష్ణ నటించిన 'డిస్కో కింగ్' వెలువడెను. 1986లో కృష్ణ 'సింహాసనం'నకు బప్పీ లహరి సంగీతము కూర్చుటతో డిస్కో దరువుల దిట్ట రాజుల కథలోనికిని వచ్చెను. అచట టిక్కెట్టు కొన్నవారే ఆడిరి. ఇచట కొన్నవారు కూర్చుండిరి, నాయకుడు ఆడెను. అయినను ఆ నాయకుడు వీధిలో పాడుకొని పెరిగిన బీదవాడు. గడప కావల నిలువబడినవాని కసి మాత్రము కథలో మిగిలినది.

అమెరికాలో చేపల వేటకును ఇట్టి గతియే పట్టెను. 1965లో ఏ.బి.సి. టెలివిజను 'ది అమెరికన్ స్పోర్ట్స్‌మన్' ఆరంభించినది. అట్టి కార్యక్రమములతో గాలము వేయుట ఇంట కూర్చుండి చూచెడి ఆటయు నయ్యెను. పట్టిన చేపను మరల నీట విడుచుట ఆ వేటకాండ్రలో క్రమముగా మర్యాద యయ్యెను. రాజూరాకు చేరువనే వార్ధానది పారుచున్నది. వల విసరి బ్రతుకు బెస్తకు చేప సంత సరకు, ఇంటి కూర. పట్టి విడుచుట అతని లెక్కలో లేదు.